కారు చేసిన పనులు ఇక మీవి: పాత విద్యుత్ కారు బ్యాటరీ, సోలార్, కొండమీది క్యాబిన్

(సియాటెల్ పరిసరాల్లోని తెలుగువారి సమావేశంలో ఒక విద్యుత్ ఇంజినీరు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. ఈ గదిలో ఉన్నవారిలో కొందరు కాస్కేడ్ కొండలకు తూర్పున, ఒకనాగన్ వైపో కిట్టిటాస్ వైపో, కొంత భూమి కొనుక్కొని అందులో చిన్న క్యాబిన్ వేసుకున్నారని నాకు తెలుసు. స్తంభాలు పాతి కరెంటు తీగ అక్కడిదాకా లాగించడానికి అయ్యే ఖర్చు విన్న తరువాత సోలార్ వైపు మళ్లినవారే అందరూ. వారు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "పాత నిస్సాన్ లీఫ్ విద్యుత్ కారు బ్యాటరీ ఒకటి తుక్కు యార్డులో దొరుకుతోంది, క్యాబిన్‌కు పెట్టుకోవచ్చా అండీ?" పెట్టుకోవచ్చు. ఆ మాట మొదటే చెప్పేస్తున్నాను. అయితే బ్యాటరీ కారులో ఉన్నంతకాలం దాని కోసం కారు కొన్ని పనులు చేసి పెడుతూ వచ్చింది. కారు నుంచి దించిన రోజు నుంచి ఆ పనులన్నీ మీవి. ఈ సాయంత్రం నేను చెప్పబోయేదంతా ఆ పనుల గురించే.

ముందుగా, అరిగిపోయిన బ్యాటరీ అంటే ఏమిటి? 2010 డిసెంబరులో అమ్మకానికి వచ్చిన తొలి లీఫ్‌లో 24 యూనిట్ల ప్యాక్, అంటే కారు మొత్తం బ్యాటరీ పెట్టె, ఉండేది. యూనిట్ అంటే మన ఇంటి కరెంటు బిల్లులో కనిపించే యూనిట్టే, ఒక కిలోవాట్ గంట. అమెరికా ప్రభుత్వ సంస్థ లెక్క ప్రకారం 2011 నమూనా ఒక ఛార్జికి 73 మైళ్లు నడిచేది. సామర్థ్యం డెబ్బై శాతానికి పడిపోతే 50 మైళ్లు మిగులుతాయి. ఇక్కడి నుంచి ఎవరెట్‌కు వెళ్లి తిరిగి రావడానికి కూడా అది చాలదు. కాబట్టి యజమాని దృష్టిలో ఆ బ్యాటరీ పని అయిపోయింది. కానీ అందులో ఇంకా 16, 17 యూనిట్లు పడతాయి. దాన్ని పనికిరానిదిగా చేసింది దాని వయసా, లేక కారు దానిని అడిగే తీరా?

కారు ఎంత అడుగుతుందో చూడండి. లీఫ్ మోటారు 80 కిలోవాట్లది. 24 యూనిట్ల బ్యాటరీ నుంచి హైవే ఎక్కేటప్పుడు 80 కిలోవాట్లు లాగడమంటే, అదే జోరు కొనసాగితే 18 నిమిషాల్లో బ్యాటరీ మొత్తం ఖాళీ అయిపోయేంత ఒత్తిడి. మీ క్యాబిన్‌లో ఫ్రిజ్, దీపాలు, నీటి పంపు, రైస్ కుక్కర్ అన్నీ ఒకేసారి నడిచినా రెండు కిలోవాట్లు దాటడం కష్టం. అలసిపోయిన బ్యాటరీలో కూడా ఆ రెండు కిలోవాట్లు ఆరేడు గంటలు ఇచ్చే శక్తి ఉంటుంది. ఇంత నెమ్మదిగా వాడినప్పుడు బ్యాటరీ వేడెక్కదు, లోపలి నిరోధం పెరిగినా పెద్దగా తెలియదు. పెద్ద కంపెనీలు దీన్ని ఎప్పుడో గ్రహించాయి. నిస్సాన్, సుమిటోమో కలిసి 2010లోనే ఫోర్ఆర్ ఎనర్జీ అనే సంస్థ పెట్టి, 2018లో ఫుకుషిమా ప్రాంతంలోని నమియె పట్టణంలో పాత బ్యాటరీలను పరీక్షించి వర్గీకరించే కర్మాగారం తెరిచాయి. అదే ఏడాది ఆమ్‌స్టర్‌డామ్‌లోని యోహాన్ క్రైఫ్ స్టేడియంలో, పాతవీ కొత్తవీ కలిపి 148 లీఫ్ కార్లకు సరిపడే బ్యాటరీలతో మూడు మెగావాట్ల నిల్వ వ్యవస్థ పెట్టారు. అంటే ఇది గ్యారేజీల్లో పుట్టిన సరదా ఆలోచన కాదు.

ఇక బ్యాటరీ విప్పితే ఏం కనిపిస్తుంది? 24 యూనిట్ల లీఫ్ ప్యాక్‌లో 48 మాడ్యూళ్లు ఉంటాయి. ఒక్కొక్కటి దాదాపు 3.8 కిలోల చదునైన లోహపు డబ్బా. లోపల నాలుగు సెల్స్, రెండేసి ప్యారలల్‌లో, అంటే సామర్థ్యం కూడేలా పక్కపక్కన కలిసి, ఆ రెండు జతలు సిరీస్‌లో, అంటే వోల్టేజి కూడేలా ఒకదాని వెనుక ఒకటి, ఉంటాయి. మాడ్యూల్ వోల్టేజి ఏడున్నర, కొత్తలో సామర్థ్యం 66 ఆంపియర్ అవర్లు, అంటే 66 ఆంపియర్ల కరెంటు ఒక గంట ఇచ్చేంత. ఏడు మాడ్యూళ్లను సిరీస్‌లో పెడితే 52.5 వోల్టులు వస్తాయి. మార్కెట్లో 48 వోల్టులవని అమ్మే ఇన్వర్టర్లలో చాలావాటికి ఇది చక్కగా సరిపోతుంది. పూర్తి ఛార్జిని సెల్‌కు 4.1 వోల్టుల దగ్గర ఆపితే 57.4, కింది హద్దును 3.5 దగ్గర పెడితే 49. ఈ రెండు అంకెలు రాసుకోండి. ఇన్వర్టర్ కొనేముందు దాని వివరాల పత్రంలో ఈ రెండూ ఇముడుతున్నాయో లేదో చూసుకోవాలి. టెస్లా మోడల్ ఎస్ మాడ్యూళ్ల దగ్గర చాలామంది ఇబ్బంది పడేది ఇక్కడే. వాటిలో ఆరు సెల్ వరుసలు సిరీస్‌లో ఉంటాయి. రెండు మాడ్యూళ్లు కలిపితే పన్నెండు. సగటున 44 వోల్టులు. బ్యాటరీలో ఇంకా శక్తి ఉండగానే ఇన్వర్టర్ ఖాళీ అయిందనుకొని ఆగిపోతుంది.

నలభై ఎనిమిదిలో ఆరేసి చొప్పున ఏడు గుంపులు, అంటే 42 మాడ్యూళ్లు వాడి, ఆరింటిని విడిగా ఉంచమని నా సలహా. డెబ్బై శాతం సామర్థ్యం మిగిలిన ప్యాక్ అయితే ఆ 42 నుంచి సుమారు 14.5 యూనిట్లు వస్తాయి. పైన కొంత, కింద కొంత వదిలేస్తే రోజువారీ వాడకానికి పది యూనిట్లు. బరువు 160 కిలోలు. ఒక చిన్న క్యాబిన్‌కు ఇది బాగా సరిపోయే నిల్వ.

ఇప్పుడు కారు చేసిన పనుల్లో మొదటిదానికి వద్దాం. కారులోని బీఎంఎస్, అంటే బ్యాటరీని కనిపెట్టుకుని ఉండే పరికరం, 96 సెల్ జతల వోల్టేజిని విడివిడిగా చూస్తూ ఉంటుంది. ఎందుకు విడివిడిగా? మొత్తం వోల్టేజి చూస్తే చాలదా? చాలదండీ. ఏడుగురిని ఒకే తాడుకు కట్టి కొండెక్కిస్తే అందరిలోకీ నీరసంగా ఉన్నవాడు ఎక్కడ కూలబడితే అక్కడే అందరి నడకా ఆగుతుంది. సిరీస్‌లో ఉన్న సెల్స్ పరిస్థితి సరిగ్గా అదే. మొత్తం 50 వోల్టులు చూపిస్తున్నప్పుడు పదమూడు జతలు హాయిగా ఉండి, పద్నాలుగోది ప్రమాదకరమైన స్థాయికి పడిపోయి ఉండవచ్చు. అందువల్ల పద్నాలుగు జతలనూ చూసే బీఎంఎస్ మీరు పెట్టి తీరాలి. లీఫ్ మాడ్యూల్‌కు మూడు టెర్మినళ్లు ఉండటం ఇక్కడ మన అదృష్టం. మధ్యది రెండు జతల నడుమ వోల్టేజిని బయటికి ఇస్తుంది కాబట్టి డబ్బా విప్పకుండానే బీఎంఎస్ తీగలు కలపవచ్చు.

మరి నీరసంగా ఉన్న మాడ్యూల్ ఏదో ముందే ఎలా తెలుస్తుంది? ప్యాక్ ఇంకా కారులోనే ఉంటే లీఫ్‌స్పై అనే ఫోన్ యాప్, కారు డయాగ్నోస్టిక్ సాకెట్‌లో పెట్టే చిన్న అడాప్టర్ ఉంటే చాలు. మిగిలిన ఆరోగ్యం ఎంత శాతమో, 96 జతల వోల్టేజీలు ఎలా ఉన్నాయో తెరమీద చూపిస్తుంది. అమ్మేవారిని ఆ స్క్రీన్‌షాట్ అడగండి. ఇవ్వలేకపోతే ధర తగ్గించమని అడిగే హక్కు మీకుంది. విడి మాడ్యూళ్లు కొన్నవారు మాత్రం ఒక్కొక్కదాన్నీ నిండా ఛార్జ్ చేసి, తెలిసిన కరెంటుతో ఖాళీ చేసి, ఎన్ని ఆంపియర్ అవర్లు వచ్చాయో దానిమీదే మార్కర్‌తో రాయాలి. తరువాత మళ్లీ ఛార్జ్ చేసి రెండు వారాలు ముట్టుకోకుండా ఉంచి వోల్టేజి చూడాలి. మిగిలినవాటికన్నా ఎక్కువ పడిపోయినదాన్ని పక్కన పెట్టండి. దాని ఛార్జి లోపల ఎక్కడో కారిపోతోంది. విసుగు పుట్టించే పని ఇది, నాకు తెలుసు. కానీ ఈ పని చేసినవారికి ఒక ప్రయోజనం ఉంది. ఆరు మాడ్యూళ్లను ప్యారలల్‌లో కలిపి ఒక గుంపు చేసి, అలాంటి ఏడు గుంపులను సిరీస్‌లో పెట్టేటప్పుడు, ప్రతి గుంపులోనూ బలమైనవీ బలహీనమైనవీ కలిసేలా పంచి, ఏడు గుంపుల మొత్తాలు సమానమయ్యేటట్లు చూసుకోవచ్చు. అలా చేస్తే పాత బ్యాటరీ కొత్తదానిలా నడవకపోయినా క్రమశిక్షణతో నడుస్తుంది. ఇంకొక మాట: ప్యారలల్‌లో కలిపే ముందు అన్నిటి వోల్టేజీలూ సమానంగా ఉండాలి. లేకపోతే కలిపిన క్షణంలోనే ఒకదానిలోంచి ఒకదానిలోకి భారీ కరెంటు దూకుతుంది.

రెండవ పని చలి. ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే మన క్యాబిన్ల అసలు సమస్య ఇదే. వాషింగ్టన్ రాష్ట్రంలో నమోదైన అత్యల్ప ఉష్ణోగ్రత ఎక్కడిదో తెలుసా? 1968 డిసెంబరు 30న మెథో లోయలోని విన్‌థ్రాప్, మజామాలలో సున్నాకు దిగువన 48 ఫారెన్‌హీట్. సెల్సియస్‌లో మైనస్ 44. అదే ఒకనాగన్ కౌంటీ. మీరు భూమి కొన్నదీ అక్కడే.

లిథియం అయాన్ బ్యాటరీ చలిలో కరెంటు ఇవ్వగలదు, కాస్త తక్కువగా, కాస్త ఇబ్బందిగా. కానీ సున్నా డిగ్రీల సెల్సియస్ కంటే దిగువన దానిని ఛార్జ్ చేయకూడదు. చేస్తే ఏమవుతుంది? మామూలుగా గ్రాఫైట్ పొరల్లోకి వెళ్లి కుదురుకోవలసిన లిథియం, చలికి లోపలికి వెళ్లలేక పైనే లోహంగా పేరుకుంటుంది. అలా పేరుకున్నదానిలో కొంత మళ్లీ పనికి రాదు. సామర్థ్యం శాశ్వతంగా పోతుంది. అంతకన్నా చెడ్డది, అది సూదుల్లా పెరిగి లోపలి పొరను చీల్చవచ్చు. ఇందులో కనిపించని ఉచ్చు ఒకటుంది. రాత్రంతా మైనస్ పదిహేను, తెల్లవారగానే నిర్మలమైన ఆకాశం, మంచు మీద పడి తిరిగి వచ్చే వెలుగు. చలిలో సోలార్ ప్యానెల్ వోల్టేజి మామూలు కంటే పెరుగుతుంది కూడా. అంటే బ్యాటరీ ఛార్జికి ఏమాత్రం సిద్ధంగా లేని ఉదయమే ప్యానెళ్లు ఉత్సాహంగా కరెంటు పంపుతాయి. కారులో ఉంటే ఈ నిర్ణయం కంప్యూటర్ చేసేది. ఇక్కడ మీ బీఎంఎస్ చేయాలి. అది ఉష్ణోగ్రత చూసి ఛార్జి ఆపే రకమా కాదా అని కొనేముందే తెలుసుకోండి. ఉష్ణోగ్రత కొలిచే సెన్సార్‌ను పెట్టె గోడకు కాకుండా మాడ్యూళ్లకే అంటించాలి, ఎందుకంటే గది వెచ్చబడ్డ చాలా గంటల తరువాత గానీ 160 కిలోల లోహం వెచ్చబడదు.

అందుకని పెట్టెను వెచ్చగా ఉంచే ఏర్పాటు కావాలి. చుట్టూ ఉష్ణరోధక పొర, అడుగున యాభై అరవై వాట్ల హీటింగ్ ప్యాడ్, ఉదయం ప్యానెళ్ల కరెంటు ముందు ఆ ప్యాడ్‌కు, తరువాతే ఛార్జికి వెళ్లే ఏర్పాటు. పొర అనగానే హోమ్ డిపోకు వెళ్లి ఫోమ్ పలకలు తెచ్చేస్తారు. ఫోమ్ మండుతుంది. రాతి నుంచి చేసే ఊలు లాంటి రాక్‌వూల్ మండదు. ధరలో తేడా చిన్నది, ఆ తేడా దగ్గర పిసినారితనం వద్దు. ఇంకొక విషయం కూడా ఇక్కడే చెప్పేస్తాను: చార్జ్ కంట్రోలర్, అంటే ప్యానెళ్ల కరెంటును బ్యాటరీకి తగినట్టు అందించే పరికరం, కొనేటప్పుడు ప్యానెళ్ల వోల్టేజిని మీ ప్రాంతపు అతి చల్లని ఉదయానికి లెక్క కట్టండి, ప్యానెల్ వెనుక ముద్రించిన 25 డిగ్రీల అంకెకు కాదు.

మూడవది మన అలవాటుకు సంబంధించినది. మనలో చాలామంది ఆంధ్రలోనో తెలంగాణలోనో కరెంటు కోతల కాలంలో ఇన్వర్టర్ బ్యాటరీకి డిస్టిల్డ్ వాటర్ పోస్తూ పెరిగినవారం. ఆ లెడ్ యాసిడ్ బ్యాటరీ మనకు నేర్పిన పాఠం ఒకటే: ఎప్పుడూ నిండుగా ఉంచు. సగంలో వదిలేస్తే దాని పలకల మీద సల్ఫేట్ గట్టిపడి చెడిపోయేది. లిథియం బ్యాటరీ దీనికి పూర్తి విరుద్ధం. నిండా ఛార్జ్ అయి నెలల తరబడి ఊరికే ఉంటే, అందులోనూ వెచ్చగా ఉంటే, అది వేగంగా ముసలిదవుతుంది. సగం నిండి ఉండటమే దానికి సుఖం. మీరు క్యాబిన్‌కు ఎప్పుడు వెళతారు? నెలకొకసారో రెండుసార్లో. మిగిలిన రోజులన్నీ ఏం జరుగుతుంది? ప్యానెళ్లు పొద్దున్నే పది గంటలకల్లా బ్యాటరీని నింపేస్తాయి, అది రోజంతా నిండు కుండలా కూర్చుంటుంది, వేసవిలో అదీ వేడి షెడ్డులో. బయలుదేరేటప్పుడు ఛార్జి పైహద్దును యాభై, అరవై శాతానికి తగ్గించి రండి. మళ్లీ వెళ్లే ముందురోజు ఫోన్‌లోంచే పెంచుకునే వీలుంటే మరీ మంచిది. పాత బ్యాటరీ ఆయుష్షు పెంచడానికి ఇంతకంటే చవకైన మార్గం నాకు తెలియదు.

ఇక వాడకం లెక్క. దీన్ని త్వరగా ముగిస్తాను. సమర్థమైన చిన్న ఫ్రిజ్‌కు రోజుకు అర యూనిట్, దీపాలకూ పంపుకూ కలిపి పావు యూనిట్, అన్నం వండడానికి పావు యూనిట్ చిల్లర, మిక్సీకి లెక్కపెట్టనక్కరలేనంత. ఉపగ్రహ ఇంటర్నెట్ యాంటెన్నాను రాత్రింబవళ్లు వదిలేస్తే మాత్రం ఒక యూనిట్‌కు పైనే పోతుంది, ఫ్రిజ్‌కు రెట్టింపు! ఏ పనీ చేయకుండా వెలుగుతూ ఉండే పెద్ద ఇన్వర్టర్ యాభై వాట్లు తింటే అదీ రోజుకు 1.2 యూనిట్లు. కాబట్టి మీ అవసరానికి మించిన ఇన్వర్టర్ కొనకండి. విద్యుత్ హీటర్ ఊసే ఎత్తకండి. 1500 వాట్ల హీటర్ ఏడు గంటలు నడిస్తే మీ పది యూనిట్లూ ఆవిరి. వెచ్చదనానికి కట్టెల పొయ్యి లేదా ప్రొపేన్ వాడాలి. డిసెంబరులో మన అక్షాంశం దగ్గర మధ్యాహ్నపు సూర్యుడు కేవలం 19 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, పైగా మబ్బులు. రెండు కిలోవాట్ల ప్యానెళ్లు పెట్టినా ఆ నెలలో రోజుకు రెండు యూనిట్లు వస్తే సంతోషించాలి. ప్యానెళ్లను నిటారుగా, అరవై డిగ్రీలకు పైన నిలబెడితే మంచు జారిపోతుంది, వాలుగా వచ్చే ఎండా సూటిగా పడుతుంది. అయినా ఒక చిన్న జనరేటర్ ఉండాలి. దాన్ని అవమానంగా భావించకండి.

నాలుగవది ప్రాణాల విషయం. పూర్తి లీఫ్ ప్యాక్‌లో 360 వోల్టులకు పైగా డీసీ ఉంటుంది. సర్వీస్ ప్లగ్ లాగేస్తే సురక్షితం అనుకుంటారు. ఆ ప్లగ్ ప్యాక్‌ను మధ్యలో రెండుగా విడదీస్తుంది. ఒక్కో సగంలో ఇంకా మనిషిని చంపగల వోల్టేజి అలాగే ఉంటుంది. డీసీ తీగల మధ్య లేచే మంట (ఆర్క్) ఏసీలాగా సెకనుకు నూటఇరవై సార్లు సున్నాకు రాదు కనుక ఒకసారి రేగితే తనంతట ఆరదు. వెయ్యి వోల్టుల రేటింగ్ ఉన్న గ్లోవ్స్, ఇన్సులేటెడ్ పనిముట్లు, పక్కన ఇంకొక మనిషి, ఈ మూడూ లేనిదే మూత తెరవకండి. నా అభిప్రాయం అడిగితే, మీరు అసలు తెరవకండి. ఆ పనిలో శిక్షణ ఉన్నవారు విప్పి అమ్మే మాడ్యూళ్లు కొనండి. కలిపిన తరువాత వోల్టేజి అరవైలోపు ఉంటుంది, షాక్ ప్రమాదం బాగా తగ్గుతుంది, కానీ షార్ట్ సర్క్యూట్ అయితే వేల ఆంపియర్లు వస్తాయి. ఆ స్థాయి కరెంటును తెంచగలది క్లాస్ టి ఫ్యూజ్. కార్ల విడిభాగాల కొట్లో దొరికే ఫ్యూజ్ కరిగినా దాని లోపలి మంట కొనసాగవచ్చు. మాడ్యూళ్లను కారులో ఉన్నట్టే గట్టి పలకల మధ్య బిగించి ఉంచాలి. బిగింపు లేకపోతే లోపలి సెల్స్ ఉబ్బుతాయి. ఇన్వర్టర్‌ను మొదటిసారి కలిపేటప్పుడు దాని కెపాసిటర్లను ఒక రెసిస్టర్ ద్వారా నింపాలి. కారులో ప్రీఛార్జ్ రిలే చేసే పని అదే. ఇదంతా మీరు పడుకునే గదికి దూరంగా, విడి షెడ్డులో ఉండాలి. పొయ్యి ఉన్న గదిలో మాత్రం వద్దే వద్దు.

ఇంత జాబితా విన్నాక కొందరు అడుగుతారు: బ్యాటరీని విప్పకుండా ఉన్నది ఉన్నట్టుగా వాడలేమా? వాడవచ్చు. కాలిఫోర్నియాలోని లాంకాస్టర్ దగ్గర బీటూయూ అనే సంస్థ చేస్తున్నది అదే. వెయ్యికి పైగా పాత ప్యాక్‌లను వాటి పెట్టెల్లోనే ఉంచి, సోలార్ విద్యుత్తును వాటిలో నిల్వ చేస్తోంది. ఎందుకు విప్పలేదంటే, కారు తయారీదారు అమర్చిన కాపలా అంతా ఆ పెట్టెలోనే ఉంది కనుక. ఇళ్లలో వాడేవారి కోసం బ్యాటరీ ఎమ్యులేటర్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంది. చిన్న సర్క్యూట్ బోర్డు మీద నడుస్తూ, కారు బ్యాటరీ మాట్లాడే భాషను సోలార్ ఇన్వర్టర్‌కు అర్థమయ్యేలా మారుస్తుంది. చాలా తెలివైన పని. అయితే దానికి హై వోల్టేజి ఇన్వర్టర్ కావాలి, గోడ లోపల నాలుగు వందల వోల్టుల డీసీ నడుస్తుంది. పెద్ద ఇంటికి నేను అదే సూచిస్తాను. వారాంతపు క్యాబిన్‌కు అక్కరలేదు.

అనుమతుల సంగతి కూడా చెప్పాలి. పాత బ్యాటరీలను తిరిగి వాడకానికి సిద్ధం చేసే పద్ధతికి 2018లో యూఎల్ అనే భద్రతా ప్రమాణాల సంస్థ నుంచి యూఎల్ 1974 అనే ప్రమాణం వచ్చింది. మీరు షెడ్డులో కట్టుకున్నదానికి ఆ ముద్ర ఉండదు. గ్రిడ్‌కు కలపకపోయినా రాష్ట్ర విద్యుత్ అనుమతి అవసరమే. కాబట్టి ముందు ఇన్‌స్పెక్టరునూ, ఇన్సూరెన్స్ కంపెనీనీ అడిగి, జవాబు కాగితం మీద తీసుకున్నాకే డబ్బు ఖర్చు పెట్టండి. కొత్త బ్యాటరీల ధర కూడా చూసుకోండి. 2010లో యూనిట్‌కు వెయ్యి డాలర్లు దాటి ఉన్న లిథియం ప్యాక్ సగటు ధర, బ్లూమ్‌బర్గ్ సంస్థ సర్వే ప్రకారం, 2024లో 115 డాలర్లకు వచ్చింది. చిల్లరగా కొనే మనకు అంత తక్కువకు దొరకదు గానీ, ముద్ర ఉన్న కొత్త ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం) బ్యాటరీకీ, బీఎంఎస్, ఫ్యూజులు, పెట్టె, మీ శ్రమ అన్నీ కలిపిన పాత బ్యాటరీకీ మధ్య తేడా ఒకప్పుడున్నంత లేదు. పాతది మరీ చవకగా దొరికితేనే, చేతులారా చేసే ఓపిక ఉంటేనే ఈ దారి.

వెనుక వరుసలోంచి ఎవరో అడుగుతున్నారు: మన ఊళ్లో పొలం దగ్గర గదికి ఇది పనికొస్తుందా అని. మంచి ప్రశ్న. అక్కడ సమస్య తలకిందులవుతుంది; చలి ఉండదు, వేడి ఉంటుంది. ఈ పాత లీఫ్ ప్యాక్‌కు ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు లేదు. 2012లో అరిజోనా యజమానులు సామర్థ్యం త్వరగా పడిపోతోందని గొడవ పెట్టింది ఆ ఎండల వల్లనే. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల ఎండ దానికి తీసిపోదు కదా! కాబట్టి అక్కడ రేకుల షెడ్డు పనికిరాదు. మందపాటి గోడలు, ఉత్తరం వైపు నీడ, గాలి ఆడే చోటు కావాలి, వీలైతే వేడిని కాస్త మెరుగ్గా తట్టుకునే ఎల్‌ఎఫ్‌పీ రకం ఎంచుకోవాలి. భారతదేశంలో పాత కారు బ్యాటరీలు ఇంకా పెద్ద సంఖ్యలో బయటికి రాలేదు. నునమ్ అనే సంస్థ 2022లో ఆడి కార్ల పాత బ్యాటరీలను ఈ-రిక్షాల్లో పెట్టి చూపించింది. అదే ఏడాది వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు వాడిన బ్యాటరీని తిరిగి సేకరించే బాధ్యతను తయారీదారు మీద పెట్టాయి. మీ నాన్నగారి పొలం దగ్గర ఇప్పుడే పెట్టాలంటే మాత్రం కొత్త ఎల్‌ఎఫ్‌పీ కొనండి. ఇంకా ప్రశ్నలుంటే, మీ వాడకం లెక్క కాగితం మీద రాసుకుని ఉంటే, దాన్ని తీసుకుని ఇలా ముందుకు రండి. ప్యానెళ్లు ఎన్ని కావాలో కలిసి చూద్దాం.